లేబర్ ప్రభుత్వం మీద నాకూ కోపం ఉంది, కానీ దాన్ని తిడుతున్నది మితవాదులు: నేనేం మాట్లాడాలి?

ఇంగ్లండ్‌లోని లెస్టర్ నగరం నుంచి ఒక సోదరి 2025 డిసెంబరు చివరి వారంలో సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు గానీ పనిచేసే చోటు గానీ తెలియనివ్వవద్దని కోరారు కాబట్టి సారాంశం మాత్రమే ఇస్తున్నాను.

ఆమెది ఖమ్మం జిల్లాలో ఎర్రజెండా పట్టిన కుటుంబం. తండ్రి జీవితమంతా రైతు సంఘంలో పనిచేశారు. 2022లో కేర్ వీసా మీద వెళ్లిన ఆమె ఒక ప్రైవేటు కేర్ హోమ్‌లో మంచం పట్టిన వృద్ధులను చూసుకుంటున్నారు. యునిసన్ యూనియన్‌లో సభ్యురాలు. కామన్వెల్త్ పౌరులుగా మనకు అక్కడ ఓటు ఉందని తోటి తెలుగువాళ్లకు చెప్పి, 2024 జులై ఎన్నికల్లో తాను లేబర్ పార్టీకి వేశారు. ఆ పార్టీయే గెలిచి ప్రభుత్వం ఏర్పాటు చేసింది. ఇప్పుడు టీ తాగే గదిలో రోజూ సంకటమే. తొలి చలికాలంలో తనకు కోటు కొనిపెట్టిన ఇంగ్లిషు సహోద్యోగి, తన తల్లికి చలికాలపు ఇంధన భత్యం తీసేసిన నాటి నుంచి వలసలను వ్యతిరేకించే మితవాద (రైట్ వింగ్) పార్టీ రిఫార్మ్ యూకే వైపు మళ్లారు. వలస వచ్చినవాళ్ల మీదే డబ్బంతా పోస్తున్నారని అంటూ, "నీ గురించి కాదులే" అని చెయ్యి పట్టుకుంటారట. ప్రభుత్వం పన్ను పెంచింది కాబట్టి జీతాలు పెంచలేమని మేనేజరు నోటీసు అంటించారు. తెలుగు మిత్రుల విందులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కేర్ వీసాల వాళ్ల వల్లే అందరికీ చెడ్డపేరు వస్తోందన్నారు.

ఆమె లేబర్‌ను వెనకేసుకొస్తే, తనకు రావలసిన స్థిర నివాసాన్ని (వీసా గడువు లేకుండా అక్కడే ఉండే హక్కును) ఏళ్లతరబడి వెనక్కి నెట్టాలని చూస్తున్న ప్రభుత్వానికి వకాల్తా పుచ్చుకున్నట్టు ఉంటోంది. విమర్శిస్తే, "చూశావా, నువ్వూ అదే అంటున్నావు" అని సహోద్యోగి అంటున్నారు. తండ్రి ఫోన్‌లో, "పాలకవర్గం ఏదైనా పాలకవర్గమేనమ్మా, నువ్వెందుకు మోస్తావు" అంటున్నారు. వీసా మీద బతికేవాళ్లకు ఈ గొడవలెందుకన్నది భర్త మాట. ఎటు నిలబడినా తప్పు చేస్తున్నట్టుందని రాసి, ఆమె మూడు ప్రశ్నలు వేశారు: ఆ గదిలో ఏం మాట్లాడాలి? లేబర్‌కు అనుబంధంగా ఉన్న యూనియన్‌లో కొనసాగాలా? భర్త భయంలో నిజం ఉందా?

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు తప్పు చేయడం లేదు. మీ ముందు పెడుతున్న ప్రశ్నలోనే చిక్కు ఉంది. "లేబర్ మంచిదా, చెడ్డదా" అని ఎవరైనా అడిగినప్పుడు ఆ రెంటిలో ఒకటి ఎంచుకోవలసి వచ్చినట్టు మీరు ఇబ్బంది పడుతున్నారు. ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వవలసిన అవసరం మీకు లేదు. ప్రభుత్వం మీద వచ్చే ప్రతి ఆరోపణనూ విడిగా తీసుకుని, ఇది నిజమేనా, నిజమైతే దీనికి బదులు వాళ్లు ఏం చేయమంటున్నారు, అలా చేస్తే ఎవరికి లాభం అని అడగండి. ఒకే ఫిర్యాదు ఇద్దరి నోట వినిపించినా, దాని వెంట వచ్చే డిమాండ్ దగ్గర దారులు చీలిపోతాయి.

మేనేజరు అంటించిన నోటీసుతో మొదలుపెడతాను, ఎందుకంటే ఇది అన్నిటికంటే తేలిగ్గా మోసపోయే చోటు. 2025 ఏప్రిల్ నుంచి యజమానులు కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ (ఉద్యోగుల జీతం మీద కట్టే సామాజిక బీమా చందా) 13.8 శాతం నుంచి 15 శాతానికి పెరిగింది. అంతకంటే పెద్ద దెబ్బ, ఏడాదికి 9,100 పౌండ్లు దాటిన జీతం మీద కట్టేది 5,000 దాటగానే కట్టవలసి రావడం. తక్కువ జీతాలతో, పార్ట్‌టైమ్ మనుషులతో నడిచే కేర్ రంగానికి ఇది నిజంగానే బరువు. ప్రభుత్వ రంగ సంస్థలకు ఈ భారాన్ని పూడ్చిన ప్రభుత్వం ప్రైవేటు కేర్ హోమ్‌లకు పూడ్చలేదు. కాబట్టి నోటీసులో అబద్ధం లేదు. అయితే ఆ నోటీసు ఎటు తీసుకెళుతోందో చూడండి. పన్ను తగ్గించండి, ఖర్చు తగ్గించండి, కార్మిక చట్టాలు సడలించండి అన్నది దాని వెనక ఉన్న కోరిక. మీరు చెప్పవలసింది వేరు. కేర్ హోమ్‌లో ఉన్న చాలామంది వృద్ధుల ఖర్చును స్థానిక కౌన్సిళ్లు భరిస్తాయి, ఆ కౌన్సిళ్లకు ఏళ్లతరబడి నిధులు కోసింది కన్జర్వేటివ్ ప్రభుత్వాలు, ఆ లోటును లేబర్ ప్రభుత్వం పూర్తిగా పూడ్చలేదు. భారీ సంపద మీద పన్ను వేసి ఆ డబ్బు కేర్ రంగానికి ఇవ్వాలన్నది మీ డిమాండ్ అయితే, మీరు ప్రభుత్వాన్ని తప్పుపడుతూనే మేనేజరుకు దూరంగా నిలబడగలరు. జీతం పెంచకపోవడానికి పన్నును సాకుగా చూపుతున్నారా అని యూనియన్ తరఫున యాజమాన్యం లెక్కలు అడగవచ్చు. అక్కడ మీ ఇంగ్లిషు మిత్రురాలు కూడా మీ పక్కనే నిలబడతారు.

ఆమె తల్లి విషయంలో మాత్రం ప్రభుత్వాన్ని సమర్థించే ప్రయత్నం అసలు చేయకండి. 2024 జులై 29న ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ ఆ భత్యాన్ని అతి పేద వృద్ధులకే పరిమితం చేశారు. అప్పటివరకు కోటి మందికి పైగా అందుకుంటున్నది ఒక్కసారిగా సుమారు 15 లక్షల మందికి కుదించుకుపోయింది. ఇంటికి 200 నుంచి 300 పౌండ్లు. హీటర్ వేసుకోవాలా వద్దా అని గడియారం చూసుకునే ముసలివాళ్లను మీరు రోజూ చూస్తున్నారు కాబట్టి, ఆ మొత్తం ఎంత పెద్దదో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ కోత తప్పు. తప్పని ఆమెతో మొదటి మాటగానే ఒప్పుకోండి. వామపక్షాల వాళ్లు ఇలాంటి చోట గొణిగితే ఆ ఖాళీలోకి ఎవరు వచ్చి కూర్చుంటారో 2025 మే నెలలో కనిపించింది. ఇంధన భత్యం పూర్తిగా తిరిగి ఇస్తామనీ, ఇద్దరు పిల్లలకు మించి సాయం లేదన్న నిబంధన ఎత్తేస్తామనీ రిఫార్మ్ నాయకుడు నైజెల్ ఫరాజ్ ప్రకటించారు. అవి ఆయన పార్టీ పుట్టుకతో తెచ్చుకున్న కోరికలు కావు. లేబర్ వదిలేసిన జాగా ఖాళీగా కనబడితే జెండా పాతారు.

అయితే ఆ భత్యం తిరిగి ఎలా వచ్చిందో కూడా ఆమెకు చెప్పండి. 2025 జూన్‌లో, ఏడాదికి 35,000 పౌండ్ల లోపు ఆదాయం ఉన్న పింఛనుదారులందరికీ పునరుద్ధరించారు. అంతకు ముందు నెలలోనే స్థానిక ఎన్నికల్లో రిఫార్మ్ చేతిలో దెబ్బతిన్నందువల్ల ఇది జరిగిందన్న వాదనలో నిజం లేకపోలేదు. ఆ దెబ్బ తగలడానికి ముందే యూనియన్లు, పింఛనుదారుల సంఘాలు, సొంత పార్టీ ఎంపీలు నెలల పాటు పోరాడారన్నదీ నిజమే. మిగతా రెండు ఉదంతాలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. వైకల్యం ఉన్నవారి భత్యాన్ని కోసే బిల్లును 2025 జులై 1న సభ ముందుకు తెచ్చినప్పుడు, అంతకు ముందే 120 మందికి పైగా లేబర్ ఎంపీలు అడ్డుతగులుతూ సంతకాలు చేశారు. ప్రభుత్వం ఆ కోతను బిల్లులోంచి తీసేయక తప్పలేదు. ఇద్దరు పిల్లల పరిమితి రద్దు చేయాలని 2024 జులైలో ఓటు వేసిన ఏడుగురు ఎంపీలను పార్టీ సస్పెండ్ చేసింది. ఏ పని కోరినందుకు వాళ్లను పక్కన పెట్టారో, అదే పనిని 2025 నవంబరు 26 బడ్జెట్‌లో అదే ప్రభుత్వం ప్రకటించింది. నాలుగున్నర లక్షల మంది పిల్లలు పేదరికం నుంచి బయటపడతారని సర్కారు అంచనా. ఇవేవీ మౌనంగా వెనకేసుకొచ్చినవాళ్లు సాధించినవి కావు. మితవాదుల తిట్లకు జడిసి మన విమర్శను దాచుకుంటే ప్రభుత్వాన్ని కాపాడినట్టు కాదు, దాన్ని ఎడమవైపు లాగే ఒకే ఒక్క తాడును తెంపుకున్నట్టు.

ఇక పచ్చి అబద్ధాలు. వీటి దగ్గర మెతకదనం పనికిరాదు. 2025 సెప్టెంబరు 22న రిఫార్మ్ పార్టీ స్థిర నివాస హక్కునే పూర్తిగా రద్దు చేస్తామనీ, ఇప్పటికే ఆ హక్కు పొందినవాళ్లు కూడా కొత్త వీసాకు దరఖాస్తు చేసుకోవాలనీ ప్రకటించింది. దానివల్ల 23,400 కోట్ల పౌండ్లు మిగులుతాయని చెప్పింది. ఆ అంకెను మొదట లెక్కగట్టిన మితవాద పరిశోధనా సంస్థే, ఆ లెక్క ఇక వాడవద్దని అప్పటికే చెప్పి ఉంది. మీ మిత్రురాలికి ఇంత దూరం వెళ్లి చెప్పనక్కరలేదు. మీ వీసా షరతుల్లో "నో పబ్లిక్ ఫండ్స్" (ప్రభుత్వ సాయాలకు అర్హత లేదు) అని రాసి ఉంటుంది, అది ఫోన్‌లో తెరిచి చూపించండి. మీ జీతపు చీటీలో కోసుకున్న పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ పక్కన పెట్టి చూపించండి. నువ్వు కట్టేదే నేనూ కడుతున్నాను, నీకు అందే ప్రభుత్వ సాయాల్లో చాలావాటికి నాకు అర్హతే లేదు అని నెమ్మదిగా చెప్పండి. "నీ గురించి కాదులే" అన్నప్పుడు మాత్రం నవ్వి ఊరుకోకండి. "వాళ్లు రద్దు చేస్తామంటున్నది నా కాగితమే" అని అనండి. ఆమె మీకు కోటు కొనిపెట్టిన మనిషి. ఆ మాట ఆమెకు తగులుతుంది, తగలాలి.

విందులో మాట్లాడిన సాఫ్ట్‌వేర్ సోదరుడికి ఒక్క ముక్క చాలు: స్థిర నివాస హక్కునే ఎత్తేస్తామనే పార్టీ ఆయన జీతం ఎంతని చూసి ఆగదు.

ఇంకో రకం దాడి ఉంది, దీన్ని మీరు ప్రస్తావించలేదు గానీ నేను చెప్పకుండా ఉండలేను. ఏంజెలా రేనర్ మీలాగే కేర్ వర్కర్‌గా పనిచేసి, మీ యునిసన్‌లోనే ప్రతినిధిగా ఎదిగి ఉప ప్రధాని అయ్యారు. ఇల్లు కొన్నప్పుడు కట్టవలసిన స్టాంపు డ్యూటీ తక్కువ కట్టినట్టు తేలి 2025 సెప్టెంబరులో రాజీనామా చేశారు. ఆ విషయంలో ఆమెను నిలదీయడం న్యాయమే, వామపక్షం కూడా నిలదీయాలి. కానీ అంతకు ముందు ఏళ్లతరబడి ఆమె యాస మీద, పదహారేళ్లకు బడి మానేసి తల్లి కావడం మీద, చివరికి 2022లో ఒక పత్రిక పార్లమెంటులో ఆమె కాళ్లు ఎలా పెట్టుకుంటారన్న దాని మీద కూడా రాసిన రాతలు కేర్ హోమ్‌లో పనిచేసే ప్రతి ఆడమనిషి మీదా వేసిన రాళ్లు. వాటిని ఖండించడానికి ఆమె విధానాలన్నీ మీకు నచ్చనవసరం లేదు.

ఆస్ట్రేలియాలో ఇదే పరీక్ష మరింత కఠినంగా వచ్చింది. అక్కడి లేబర్ ప్రధాని జూలియా గిలార్డ్‌ను మంత్రగత్తె అని రాసిన అట్టల ముందు 2011 మార్చిలో ప్రతిపక్ష నాయకుడు టోనీ ఎబట్ నిలబడి ప్రసంగించారు. 2012 అక్టోబరు 9న ఆమె స్త్రీద్వేషం మీద పార్లమెంటులో చేసిన ప్రసంగం ప్రపంచమంతా మారుమోగింది. సరిగ్గా అదే రోజు సెనెట్‌లో ఆమె ప్రభుత్వం ఒక బిల్లు నెగ్గించుకుంది. ఒంటరిగా పిల్లలను పెంచుకుంటున్న తల్లుల్లో చాలామందిని, చిన్నబిడ్డకు ఎనిమిదేళ్లు నిండగానే, తక్కువ మొత్తం వచ్చే నిరుద్యోగ భృతికి మార్చే బిల్లు అది. ఆ రోజు ప్రసంగానికి చప్పట్లు కొట్టి బిల్లును మరిచినవాళ్లు ఆ తల్లులను వదిలేశారు. బిల్లు మీద కోపంతో ప్రసంగాన్ని కొట్టిపారేసినవాళ్లు ఎబట్ పక్కన తేలారు. రెండూ ఒకే నోటితో చెప్పగలిగినవాళ్లు తక్కువమంది, కానీ ఆ వాదన వాళ్లతోనే బతికింది. 2013లో లేబర్ ఓడింది, ఎబట్ వచ్చారు. పదేళ్ల తర్వాత, 2023 సెప్టెంబరులో, మరో లేబర్ ప్రభుత్వం ఆ భత్యాన్ని చిన్నబిడ్డకు పద్నాలుగేళ్లు వచ్చేదాకా పొడిగించింది.

మీ నాన్నగారి మాటను తేలిగ్గా తీసుకోలేను. జీవితం ధారపోసిన మనిషి అనుభవంతో అంటున్న మాట అది. 2007 మార్చి 14న పశ్చిమ బెంగాల్‌లోని నందిగ్రామ్‌లో వామపక్ష ప్రభుత్వ పోలీసుల కాల్పుల్లో 14 మంది చనిపోయారు. అదే ఏడాది జులై 28న ముదిగొండలో, భూమి అడిగిన పాపానికి, కాంగ్రెస్ ప్రభుత్వ పోలీసుల కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. ఖమ్మం జిల్లా కార్యకర్తలకు ఆ ఏడాది ఎంత బరువుగా గడిచిందో ఆయనకు తెలిసే ఉంటుంది. ముదిగొండ గురించి గొంతెత్తి నందిగ్రామ్ గురించి సర్దిచెప్పబోయిన చోటల్లా వామపక్షం మాట విలువ పోయింది. ఈ లెక్కన, ప్రభుత్వాన్ని మోయవద్దని ఆయన చెబుతున్నది సరైనదే.

కానీ అందులోంచి, ఎవరు గెలిచినా ఒకటే అన్న తీర్మానానికి వెళితే నేను ఆగుతాను. 1979 మార్చి 28న జేమ్స్ కాలహన్ లేబర్ ప్రభుత్వం 311కు 310, ఒకే ఒక్క ఓటు తేడాతో అవిశ్వాసంలో పడిపోయింది. ఆ ప్రభుత్వం 1976లో ఐఎంఎఫ్ అప్పు కోసం ఖర్చులు కోసింది, కార్మికుల జీతాల పెంపును 5 శాతానికి బిగించాలని చూసింది. దానిమీద కార్మికుల కోపం న్యాయమైనదే. కానీ ఆ తర్వాత వచ్చిన మార్గరెట్ థాచర్ హయాంలో యూనియన్ల చేతులు కట్టేసే చట్టాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, 1984-85 గని కార్మికుల సమ్మె ఓడిపోయింది. ఆ చట్టాల్లో చాలా భాగం తర్వాత వచ్చిన లేబర్ ప్రభుత్వాలు కూడా తీసేయలేదు. ఇప్పుడు 2025 డిసెంబరు 18న ఆమోదం పొందిన ఉద్యోగ హక్కుల చట్టానికి రిఫార్మ్ ఎంపీలు, కన్జర్వేటివ్‌లు వ్యతిరేకంగా ఓటు వేశారు. యజమానుల ఒత్తిడికి ప్రభుత్వం దాన్ని కొంత నీరుగార్చింది. తొలి రోజు నుంచే ఇస్తామన్న అన్యాయపు తొలగింపు రక్షణ ఆరు నెలల తర్వాతకు జరిగింది. అయినా జ్వరం వచ్చిన మొదటి రోజు నుంచే జబ్బు వేతనం 2026 ఏప్రిల్ నుంచి వర్తిస్తుంది. అంతకు ముందు మూడు రోజుల జీతం పోతుందని జ్వరంతోనే డ్యూటీకి వచ్చిన మీ తోటివారికి ఇది చిన్న విషయం కాదు. నాన్నగారికి ఈ ఒక్క సంగతి వివరించండి. యూనియన్ మనిషి కాబట్టి ఆయనకు దీని విలువ వెంటనే తెలుస్తుంది.

యూనియన్ ప్రశ్నకు వస్తాను. యునిసన్ లేబర్‌కు అనుబంధ సంఘం కాబట్టి వదిలేయాలా అన్నారు. వదిలేస్తే మీ నిరసన ఎవరికీ వినిపించదు, మీకు ఏదైనా జరిగితే పక్కన నిలబడే ప్రతినిధీ ఉండరు. ఉండి ఏం చేయవచ్చో 2025 డిసెంబరులోనే చూశారు: ప్రధాన కార్యదర్శి పదవికి జరిగిన ఎన్నికలో, లేబర్ నాయకత్వానికి దగ్గరగా ఉంటారన్న పేరున్న క్రిస్టీనా మెక్‌అనియా ఓడి, ఎడమవైపు నుంచి నిలబడిన ఆండ్రియా ఈగన్ గెలిచారు. ఓటు వేసినవాళ్లు చాలా తక్కువమంది అన్నది విచారకరమైన సంగతి, దాన్ని పెంచడం మీవంటివారి చేతిలో పని.

ఓటు మాత్రం మీ ఇష్టం, దీనిమీద నేను ఆజ్ఞ ఇవ్వను. అయితే మీ ఊరిలోనే రెండు పాఠాలు ఉన్నాయి. 2024లో లెస్టర్ సౌత్‌లో లేబర్ ప్రముఖుడు జొనాథన్ ఆష్‌వర్త్‌ను 979 ఓట్లతో ఓడించి, గాజా విషయంలో గట్టిగా మాట్లాడిన స్వతంత్ర అభ్యర్థి షాకత్ ఆడమ్ గెలిచారు. పక్కనే లెస్టర్ ఈస్ట్‌లో లేబర్ ఓటును ఇద్దరు మాజీ లేబర్ ఎంపీలు చీల్చుకోగా, దేశమంతా కుప్పకూలిన కన్జర్వేటివ్‌లు ఆ స్థానాన్ని లేబర్ నుంచి లాక్కున్నారు. ఎడమవైపు ప్రత్యామ్నాయం గెలిచే బలం ఉన్నచోట దానికి ఓటు వేయడం లేబర్‌కు తగిలే గట్టి హెచ్చరిక. బలం లేనిచోట అది రిఫార్మ్‌కు దారి తీయవచ్చు. 2025 మేలో రంకార్న్ ఉప ఎన్నికలో రిఫార్మ్ గెలిచింది ఆరు ఓట్లతో. మీ నియోజకవర్గంలో బలాబలాలు చూసుకుని, ఎన్నిక దగ్గరపడ్డాకే నిర్ణయించుకోండి. ఇప్పటినుంచే ఎవరికీ మాట ఇవ్వకండి.

మీ కాగితాల సంగతి. స్థిర నివాసానికి మామూలు గడువు అయిదేళ్ల నుంచి పదేళ్లకు పెంచాలనీ, కేర్ వర్కర్ల వంటి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు 15 ఏళ్లు పెట్టాలనీ హోం మంత్రి షబానా మహ్మూద్ 2025 నవంబరులో ప్రతిపాదించారు. అలా జరిగితే మీకు 2027లో వస్తుందనుకున్నది 2037కు పోతుంది. రిఫార్మ్ పార్టీది దీనికంటే ఘోరం కాబట్టి ఇది సహించాలని ఎవరైనా అంటే వినకండి. రిఫార్మ్ ప్రతిపాదనను అనైతికమన్న ప్రధాని కీర్ స్టార్మర్ కిందనే ఈ ప్రతిపాదన వచ్చింది కాబట్టి, ఆయన మాటనే ఆయన ముందు పెట్టండి. 2026 ఫిబ్రవరి 12 వరకు ప్రభుత్వం దీనిపై ప్రజాభిప్రాయం స్వీకరించింది. ఇప్పుడు మీ ఎంపీకి రాయండి, మీ ఇంగ్లిషు మిత్రురాలి చేత కూడా రెండు వాక్యాలు రాయించండి. మీరు వెళ్లిపోతే రాత్రి షిఫ్టులో ఆ వృద్ధులను ఎవరు తిప్పి పడుకోబెడతారన్నది ఆమె చెబితే వేరేగా వినిపిస్తుంది.

మీ వారి భయాన్ని కొట్టిపారేయకండి. విదేశీ ఉద్యోగులను పెట్టుకునేందుకు మీ యజమానికి ఉన్న స్పాన్సర్ లైసెన్సు పోతే మరో యజమానిని వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులే ఇస్తారు. అలాంటి బతుకులో భయం సహజం. కానీ యూనియన్‌లో ఉండటం, మంత్రిత్వ శాఖకు అభిప్రాయం రాయడం, ఎంపీని కలవడం, ఓటు వేయడం ఇవేవీ వీసాకు అడ్డం రావు. చట్టబద్ధమైన సమ్మెలో పాల్గొన్న రోజులను కూడా స్పాన్సర్ నిబంధనలు తప్పుగా లెక్కించవు. జాగ్రత్త పడవలసింది వేరేచోట ఉంది: మీ యజమాని మిమ్మల్ని వీసా పేరుతో బెదిరిస్తే, అదనపు గంటలకు డబ్బు ఎగ్గొడితే, తేదీలతో సహా రాసి పెట్టుకుని ముందు యూనియన్ ప్రతినిధికి చూపించండి, వాళ్లు చెప్పేదాకా రాజీనామా కాగితం మీద సంతకం చేయకండి. మీ ఇద్దరూ కలిసి ఒకసారి ఆ ప్రతినిధిని కలిసి ఈ విషయాలు మీ వారికే నేరుగా వినిపించేలా చూడండి.